పురిటి గొట్టంలో ఉప్పు

సోమవారం

ఈ చిట్టాలో నీటి ఒత్తిడి, గొట్టాల లీకులు, ఉప్పు లెక్క తప్ప ఇంకేమీ రాయకూడదని పాలెం నియమం. నేను మొదటినుంచీ రాస్తూనే ఉన్నాను. దీన్ని తెరిచి చూసే నాథుడు లేడు కనక నన్ను అడిగినవాడూ లేడు.

ఇవాళ భద్రాయమ్మగారింటి పురిటి గొట్టంలో ఉప్పు కనిపించింది. కొంచెం కాదు, ఉప్పు కొలిచే ముల్లు పచ్చగీత దాటి పసుపులోకి వెళ్ళింది. చూడగానే నాకు ఒళ్ళు మండింది.

నిన్న ఊరంతా తాగి, కడుక్కుని, ఉతుక్కుని పారబోసిన నీళ్ళనే ఇవాళ మళ్ళీ తాగాలి. మేముండే సొరంగం బయట ఎర్ర దుమ్ము తప్ప ఏముంది? ఆ నీళ్ళని వడకట్టే పొరలకి ఉప్పంటే పడదు. ఒక పొర చిల్లు పడితే కొత్తది నేయడానికి నెల. అందుకే ఈ ఊళ్ళో ఉప్పు చిటికెల్లో కొలిచి ఇస్తారు, ఎక్కువ వాడితే ఇంటి మీదికొచ్చి కేకలేసేది నేను. పుణ్యవతి వస్తోందంటే వంటిళ్ళలో డబ్బాలు మూతపడతాయి. అదీ నా పరువు.

బాలింత గదికి మాత్రం విడి గొట్టం, విడి పొర. పేరు పెట్టే రోజు దాకా ఆ నీళ్ళు ఊరి నీళ్ళలో కలపం. భూమ్మీంచి వచ్చిన పెద్దవాళ్ళు ఆక్సిజన్ సిలిండర్లతోపాటు మైలని కూడా మోసుకొచ్చారు మరి. బాలింతకి ఉప్పులేని పథ్యం కూడా వాళ్ళు తెచ్చిందే. కాబట్టి ఆ గొట్టంలో ఉప్పు కనిపించిందంటే నాకు తెలిసిన అర్థం ఒక్కటే. కోడలు మేఖల దొంగతనంగా ఊరగాయ తింటోంది.

వెళ్ళి గుమ్మంలోంచే చెప్పాను. భద్రాయమ్మగారు ఆ బిడ్డకి నాయనమ్మ, పాలేనికి పెద్ద. ఆవిడ మాట కాదనడానికి ఇక్కడ ఎవరికీ నోరు లేవదు.

"మా ఇంట్లో ఉప్పేవిటే? పథ్యం నేనే వండి పెడుతున్నాను," అన్నారు.

"ముల్లు అబద్ధం చెప్పదండీ. మీ కోడల్ని అడగండి."

అడగలేదావిడ, పెట్టె వెతికారు. చీరల అడుగున నిమ్మకాయ ఊరగాయ సీసా దొరికింది, పుట్టింటివాళ్ళు పంపిందట. ఆ ఇళ్ళ వరసలో ఉన్న ఆడవాళ్ళంతా గుమ్మాల్లోకొచ్చి నవ్వారు. "బిడ్డకి కడుపునొప్పి వస్తే తెలుస్తుందిలే రుచి," అని ఒకావిడ ఎకసెక్కెం. గదిలోంచి మేఖల ఏడుపు వినిపించింది. నాకు జాలి వెయ్యలేదు. నా పొర మిగిలిందనుకున్నాను.

మంగళవారం

సీసా నా దగ్గరుంది. ఉప్పు మాత్రం నిన్నటికంటే పెరిగింది.

పొద్దున పొర కడిగి ముల్లు సరిచూశాను. పక్క గొట్టానికి పెట్టి చూస్తే బాగానే పనిచేసింది. మళ్ళీ పురిటి గొట్టానికి పెడితే పసుపు చివరికి వెళ్ళి నిలబడింది. ఇంకో సీసా దాచిందా ఈ పిల్ల? ఎంత తింటే ఇంత ఉప్పొస్తుంది? గరిటెలతో తినాలి.

గొట్టాన్ని ముక్కముక్కగా చూశాను. స్నానాల నీళ్ళు శుభ్రం. మేఖల వాడే మరుగుదొడ్డి నీళ్ళూ శుభ్రమే. ఉప్పంతా ఒక్కచోటినుంచే వస్తోంది, బిడ్డ గుడ్డలు ఉతికే చిన్న యంత్రంలోంచి.

అది చూశాక సీసా వంక చూడ్డానికి నాకే సిగ్గేసింది. పది మందిలో ఆ పిల్ల పరువు తీశాను కదా. కానీ పాలు తప్ప ఏమీ ఎరగని పసిగుడ్డు ఒంట్లోంచి అంత ఉప్పు ఎందుకు పోతోంది? భద్రాయమ్మగారింటికి వెళితే గుమ్మంలోనే ఆపేశారు.

"పొర మార్చాలండీ."

"పేరు పెట్టాక మారుద్దువుగానిలే."

"అప్పటిదాకా ఆగితే చిల్లు పడుతుంది."

"పడనీ. శుక్రవారం దాకా ఈ గదిలోకి ఎవరూ రావడానికి వీల్లేదు."

పేరు పెట్టేది ఆదివారం. మరి శుక్రవారం ఏవిటి? అడిగేలోపే తలుపేశారు.

బుధవారం

పాలెం సభ ఉందని భద్రాయమ్మగారు బయటికి వెళ్ళారు. పురిటి గదిలోకి నాయనమ్మ కాక అడుగుపెట్టే హక్కున్న మనిషి నీటి కావలిది ఒక్కతే, అంటే నేను. పొర భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

మేఖల నన్ను చూసి గోడవైపు తిరిగింది. "ఇంకా ఏం వెతకాలక్కా? ఒక్కసారి వేలితో నాకాను, అంతే. ఒట్టు."

"నువ్వు కాదని తెలిసింది. నాదే తప్పు. బిడ్డనోసారి చూపించు."

"ఎందుకు?" ఆ పిల్ల గొంతు మారిపోయింది. ఉయ్యాలకి అడ్డం నిలబడింది.

అడ్డం నిలబడ్డా కనిపించింది. పుట్టిన మర్నాడు భద్రాయమ్మగారి చేతిలో చూశాను, బుగ్గలున్నాయప్పుడు. ఇప్పుడు కళ్ళు లోపలికిపోయాయి, నడినెత్తి గుంటపడింది. ఏడవడానికి కూడా ఓపిక లేక మూలుగుతోంది. నేను చూస్తుండగానే తాగిన పాలన్నీ గుప్పున కక్కేసింది.

"ఎన్నాళ్ళనుంచి ఇలా?"

"ఆదివారం నుంచి. డాక్టరుగారికి చెబుదామంటే అత్తయ్య వద్దన్నారు. జబ్బని తెలిస్తే బల్ల వాయిదా వెయ్యమంటారు, అప్పుడు పేరు పెట్టడం ఆగిపోతుంది, ఊరంతా ఎందుకని అడుగుతుంది అన్నారు."

బల్ల అనగానే నాకు అర్థమైంది. ఇంక ఆ పిల్ల చెప్పక్కర్లేదు, కానీ చెప్పింది. బిడ్డ పుట్టినప్పుడు ఆడో మగో చూసి చెప్పలేకపోయారట. రూపం రెండిటికీ మధ్యలో ఉందట. పేరు పెట్టేరోజు మైకులో ముందు ఆడపిల్లనో మగపిల్లాడనో చెప్పి ఆ తర్వాతే పేరు చెప్పాలి కదా. అందుకని శుక్రవారం సరిదిద్దే బల్లకి భద్రాయమ్మగారు వేలిముద్ర వేసేశారు. ఆ బల్ల వేళకి తనంతట తానే మత్తిచ్చి, తనంతట తానే కోసి, కుట్టి పంపిస్తుంది. ముద్ర వేసిన మనిషి తీసేస్తే తప్ప ఆగదు.

"నాకిష్టం లేదక్కా. వాళ్ళ నాన్న మంచుగని నుంచి వచ్చేదాకా అయినా ఆగమన్నాను. నా బిడ్డని కొయ్యడమేవిటి? దానికేం నొప్పి ఉంది?"

డాక్టరుకి నేను చెబుతానన్నాను. పొర మార్చి వచ్చేశాను.

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. నన్నూ ఆ బల్ల మీద పడుకోబెట్టారు. చిన్నప్పుడు గజ్జల్లో గడ్డ ఉంటే తీశారని మా అమ్మ చెబుతుండేది. ఈడొచ్చినా నేను పెద్దమనిషిని కాకపోతే అప్పుడు అసలు సంగతి బయటపెట్టింది. నా కణాల్లో మగవాళ్ళకుండే క్రోమోజోముల జత ఉందట. కడుపులో ఉన్నప్పుడు మగ హార్మోను తయారైనా నా ఒళ్ళు దాని మాట సగమే విందట. అలా పుట్టేవాళ్ళు ఎక్కడైనా పుడుతూనే ఉంటారని, అది రోగం కాదని, డాక్టరు ఫణిభూషణ్ ఈ మధ్యే నాకు చెప్పాడు. కానీ నాకు మాట రాకముందే లోపలివి తీసేసి, బయటిది కోసేసి, ఆడపిల్లని చేశామని చేతులు దులుపుకున్నారు. నేను ఆడదాన్నే. ఆ మాట నాకు ఎవరూ నేర్పక్కర్లేదు, కొయ్యక్కర్లేదు.

గురువారం

పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఫణిభూషణ్ కుర్రవాడే కానీ బుర్ర ఉన్నవాడు. బిడ్డ సంగతి ఎత్తగానే ముఖం ముడుచుకున్నాడు.

"పుట్టిన రోజే పరీక్షకి రక్తం కావాలని అడిగానండీ. పురిట్లో రక్తం చిందకూడదన్నారు. బల్ల ఎలాగూ పరీక్షలు చేసుకుంటుంది కదా అని ఊరుకున్నాను. రోజూ కబురు పెట్టి అడుగుతున్నాను. పాలు బాగా తాగుతోంది, వాంతుల్లేవనే చెబుతున్నారు."

"ఎవరు చెబుతున్నారు?"

"భద్రాయమ్మగారే."

"నిన్న నా ముందే కక్కింది. ఒళ్ళంతా ఎండిపోయింది. నాకు తెలిసింది నీళ్ళు ఒక్కటే బాబూ, బిడ్డ గుడ్డల్లోంచి ఉప్పు పోతోంది. సోమవారం నుంచి రోజురోజుకీ ఎక్కువ."

అతను లేచి నిలబడిపోయాడు. "ఉప్పా? గుడ్డల్లోంచా?" అని రెండుసార్లు అడిగాడు. నేను తెచ్చిన ముల్లు లెక్క చూసి మందుల బీరువా తెరిచి సీసాలు సంచిలో పడేసుకుంటూనే చెప్పాడు. మూత్రపిండాల మీద చిన్న గ్రంథులుంటాయట. కొందరు పిల్లల్లో అవి ఉప్పుని ఒంట్లో పట్టి ఉంచే హార్మోను చెయ్యలేవు, దాని బదులు మగ హార్మోను ఎక్కువ చేస్తాయి. అందుకే కడుపులో ఉండగానే ఆడపిల్లకైనా అలాంటి రూపం వస్తుంది. రూపంతో ప్రమాదమేమీ లేదు. ప్రమాదం ఉప్పు పోవడంతోనే. పుట్టిన రెండో వారానికి గుండె ఆగిపోవచ్చు.

"రేపు బల్ల మత్తిస్తే?"

"లేవదండీ," అన్నాడు.

పరిగెత్తాం. భద్రాయమ్మగారు గుమ్మానికి రెండు చేతులూ అడ్డంపెట్టి నిలబడ్డారు. డాక్టరు చెప్పిందంతా విన్నారు, నమ్మలేదు.

"బల్ల ఆపడానికి కోడలూ ఇదీ కలిసి ఆడే నాటకం ఇది. రేపు అది అయ్యాక నీ మందులు వేసుకో బాబూ, ఎవరొద్దన్నారు?"

"రేపటిదాకా ఉండదండీ ఆ బిడ్డ!"

"నోర్ముయ్! పురిటి గుమ్మంలో నిలబడి అశుభం పలుకుతావా?"

నాకు ఇంక పట్టలేకపోయింది. "మీ పరువు కోసం దాన్ని చంపుకుంటారా? ఆదివారం మైకులో ఏమని చెబుతారు, ఆడశవమనా మగశవమనా?" అని అరిచాను. వరసంతా గుమ్మాల్లోకొచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. డాక్టరు ఆవిణ్ణి నెట్టుకుని వెళ్ళలేక, వెనక్కి రాలేక సంచి పట్టుకుని నిలబడిపోయాడు. పాలెం పెద్ద ఒంటిమీద చెయ్యి వేస్తే సొరంగం బయటి గనులకి పంపేస్తారు. అది తెలిసి కూడా నేను ఒక అడుగు ముందుకేశాను.

అప్పుడు భద్రాయమ్మగారి వెనకాలనుంచి మేఖల వచ్చింది. బిడ్డ ఆమె చేతుల మీద గుడ్డపీలికలా వేలాడుతోంది. అత్తగారి చేతికిందినుంచి వంగి గుమ్మం దాటేసింది. పేరు పెట్టకుండా బాలింత గుమ్మం దాటడం ఈ పాలెం పుట్టాక ఎవరూ చూడలేదు. నిలబడ్డవాళ్ళంతా మైల తగులుతుందని గోడలకి అంటుకుపోయారు. నడవడానికి దారి దానంతటదే వచ్చింది.

"ఎక్కడికి తేవాలి డాక్టరుగారూ?" అని అడిగింది.

నా పంపు గదే దగ్గర. పొరలు ఆరబెట్టే బల్ల మీద బిడ్డని పడుకోబెట్టాం. నరం దొరకలేదు. నాలుగుసార్లు పొడిచాడు, మేఖల నా భుజం కొరికేసింది. చివరికి తలలో నరం దొరికింది. ఉప్పునీళ్ళు, చక్కెర, దాని తర్వాత హార్మోను సూది. గుండె యంత్రం మీద గీత పిచ్చిగా ఎగురుతోంది. ఒకసారి ఆగింది. ఆగిపోయిందనే అనుకున్నాను. డాక్టరు రెండు వేళ్ళతో రొమ్ము నొక్కుతూ ఏవో మందుల పేర్లు అరుస్తుంటే ఏది ఏదో తెలియక సంచంతా గుమ్మరించాను. గీత మళ్ళీ లేచింది.

శుక్రవారం

బతికింది.

పొద్దున పాలు తాగి కక్కలేదు. కోపంగా ఏడ్చింది కూడా. అంత కమ్మని ఏడుపు నేనెప్పుడూ వినలేదు.

రక్తపరీక్ష డాక్టరు చెప్పినట్టే వచ్చింది. కణాల్లో ఆడజత, లోపల గర్భసంచి ఉంది. రోజూ మందు వెయ్యాలి, పాలల్లో ఉప్పు కలపాలి, జ్వరమొస్తే మోతాదు పెంచాలి. మర్చిపోకుండా వేస్తే అందరిలాగే బతుకుతుందన్నాడు. ఎక్కువమంది ఇలాంటి పిల్లలు పెద్దయ్యాక మేము ఆడవాళ్ళమనే చెబుతారు, కొందరు కాదంటారు, అది బిడ్డే చెప్పాలి అన్నాడు.

భద్రాయమ్మగారు మధ్యాహ్నం పంపు గదికి వచ్చారు. బిడ్డకి కట్టిన చీర ఉయ్యాల దగ్గర నిలబడి చూశారు. ఆవిడ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. బిడ్డ వేలు కదిపితే ముఖం అటు తిప్పుకున్నారు.

"ఆడపిల్లేగా మరి. అయితే గట్టిపడ్డాక ఆ మిగిలింది సరిచేయించేస్తే ఎవరికీ ఏ అనుమానమూ ఉండదు. వచ్చే శుక్రవారానికి మార్చాను," అన్నారు.

మేఖల ఏదో అనబోయింది. డాక్టరు, "దానివల్ల బిడ్డకి ఒరిగేదేమీ లేదండీ, ఆగొచ్చు," అన్నాడు. ఆవిడ వినలేదు. నావైపు తిరిగారు.

"దీన్ని చూడండి. దీనికీ చేయించాం. మీ ఇద్దరికీ తెలీదేమో. బంగారంలా తిరుగుతోంది, ఊరందరి మీదా అరుస్తోంది. నీకేం తక్కువైందే పుణ్యవతీ?"

మేఖల నోరు తెరుచుకుని నావంక చూసింది. డాక్టరు తల దించుకున్నాడు. ఇన్నాళ్ళూ గుండెల్లో పెట్టుకున్న ముక్కని ఆవిడ అలా వీధిలో పారేశారు. ఏడుస్తాననుకున్నాను, కోపం వచ్చింది.

"చెప్పమంటారా? చెబుతాను. లోపల తీసేసినవాటి బదులు రోజూ మాత్ర మింగుతున్నాను. అవి ఉండి ఉంటే ఈ మాత్ర అక్కర్లేదట. భూమినుంచి ఓడ ఆలస్యమై మాత్రలు రాని ఏడాది ఎముకలు గుల్లబారి నా మణికట్టు రెండుసార్లు విరిగింది. కోసినచోట ముట్టుకుంటే తెలీదు, చలేస్తే మాత్రం పొడుస్తుంది. ఒకతను నన్ను ఇష్టపడ్డాడు. నేనూ ఇష్టపడ్డాను. దగ్గరికొస్తే నొప్పి తప్ప ఇంకేమీ లేక, ఎందుకో అతనికి చెప్పలేక, వెళ్ళిపొమ్మన్నాను. ఇదీ తక్కువైంది. అన్నిటికంటే ముందు, అది నా ఒళ్ళు. నాకు నొప్పి లేదు, జబ్బు లేదు. మీకు మైకులో చెప్పడానికి ఒక ముక్క కావాల్సొచ్చింది, అంతే!"

"బుద్ధిలేకుండా మాట్లాడకు."

"మీరడిగారు. నన్ను ఎవరైనా ఏమైనా అడగడం ఇదే మొదటిసారి. అందుకే చెప్పాను."

ఆవిడ కొంగు సర్దుకుని వెళ్ళిపోయారు. మేఖల దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. గుమ్మం పక్కన ఊరి వేళలు చూపే పలక మీద వచ్చే శుక్రవారం బల్ల వేళ ఎర్రగా వెలుగుతూనే ఉంది.

ఆదివారం

పేరు పెట్టడం ఆపలేదు. సభామందిరం సగమే నిండింది. మైలలో గుమ్మం దాటిన బాలింత ముఖం చూసేది లేదని కొన్ని కుటుంబాలు రాలేదు. వచ్చినవాళ్ళు కూడా మొన్న వరసలో జరిగిందంతా విన్నవాళ్ళే, బిడ్డనెత్తుకున్న మేఖలని చూసి గుసగుసలాడుతున్నారు.

భద్రాయమ్మగారు పట్టుచీర కట్టుకుని మైకు దగ్గరికి నడిచారు. ఆడపిల్ల అంటే చాలు, అది అబద్ధం కూడా కాదు. కానీ అలా చెప్పేసి శుక్రవారం ఆ మాటకి తగ్గట్టు కోయిస్తారు. నాకు లేచి అరవాలని ఉంది. ఏమని అరవను? ముద్ర ఆవిడది.

ఆవిడ మైకు పట్టుకోలేదు. పక్కనున్న పలక మీద బొటనవేలు పెట్టారు. శుక్రవారం వేళ చెరిగిపోయింది.

"బిడ్డ పేరు మాణిక్యం," అన్నారప్పుడు.

వెనకనుంచి ఎవరో పెద్దాయన అందుకున్నాడు. "ముందు ఆడో మగో చెప్పాలి కదండీ భద్రాయమ్మగారూ. పద్ధతి."

"మందులు వేళకి వెయ్యాలి, పాలల్లో ఉప్పు కలపాలి. నాకు తెలిసింది అంతవరకే. మిగతాది కావలిస్తే అది పెద్దయ్యాక దాన్నే అడుగు, చెప్పబుద్ధయితే చెబుతుంది," అన్నారు. ఆయన కూర్చోలేదు, లేచి వెళ్ళిపోయాడు. ఆయనతో ఇంకో నలుగురు వెళ్ళారు. మేఖల నవ్వుతూ ఏడుస్తోంది.

మిఠాయి పంచడం అయ్యాక భద్రాయమ్మగారు నా దగ్గరికొచ్చారు. క్షమించమంటారనుకున్నాను. అంటే ఏం చెప్పాలా అని మనసులో పోట్లాడుకుంటున్నాను కూడా.

"మీ అమ్మ ఆ రోజు రాలేకపోయింది. పచ్చి బాలింత, గుమ్మం దాటకూడదన్నాం," అన్నారు. "నిన్ను ఎత్తుకుని బల్ల దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. దారిలో నవ్వావు నువ్వు."

ఆవిడ మీద నా కోపం పోలేదు. పోతుందని కూడా అనుకోను. పంపు గదికి వచ్చి తలుపేసుకుని, మా అమ్మ కోసం వెక్కి వెక్కి ఏడ్చాను.